రైలు వస్తుంది సరే... స్టేషన్ బయట ఎవరుంటారు?

“అన్నా, సిరిసిల్లకు రైలొస్తే మాకు జాబులొస్తయా?”

డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న ఓ సిరిసిల్ల తమ్ముడు ఈ మధ్య నన్ను అడిగిన ప్రశ్న ఇది. నాది కోరుట్ల. ఇంజినీరింగ్ చదివాను. ఉద్యోగం చేసుకుంటూ టెక్నాలజీ మీద బ్లాగు రాస్తుంటాను. ఏ ఫోన్ కొనాలి, ఏ కోర్సు నేర్చుకోవాలి అని అడిగితే టకటకా చెప్పేస్తాను. దీనికి మాత్రం వెంటనే జవాబు దొరకలేదు.

ఎందుకంటే ఈ ప్రశ్న మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ఉంది. పెద్దపల్లి–నిజామాబాద్ లైన్‌కు 1993లో అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు శంకుస్థాపన చేశారు. అప్పటికి నేను పుట్టనే లేదు. 177 కిలోమీటర్ల ఆ లైన్ నిజామాబాద్ దాకా పూర్తిగా కలిసింది 2017లో. అప్పటికి నేను ఇంజినీరింగ్‌కు వచ్చేశాను. ‘రైలొస్తే మనూరు మారిపోతది’ అని చెప్పుకుంటూనే ఒక తరం గల్ఫ్‌కు పోయింది, ఇంకో తరం హైదరాబాద్‌లో హాస్టళ్లకు చేరింది.

ఇప్పుడు రైలుంది. కోరుట్లలో స్టేషన్ ఉంది. జగిత్యాలకు లింగంపేటలో స్టేషన్ ఉంది. మరి ఊరు మారిందా? నా అనుభవం ఒకటి చెబుతాను.

రెండేళ్ల కింద నా హైదరాబాద్ రూమ్మేట్ కొండగట్టు చూస్తానని రైల్లో వచ్చి, మా వైపు ఓ చిన్న స్టేషన్‌లో దిగాడు. బయట ఒక్క ఆటో లేదు. గుట్టకు బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డు లేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే అతను పొలం మధ్యలో నిలబడ్డట్టు చూపించింది. చివరికి పాలు పోసి వస్తున్న ఓ పెద్దాయన బండి మీద మెయిన్ రోడ్డుకు చేరాడు. దర్శనం బాగానే అయింది. కానీ వెళ్లేటప్పుడు ఒక మాటన్నాడు: “మళ్లీ వస్తే కార్లోనే వస్తారా బాబూ.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. వందల కోట్లు పోసి వేసిన పట్టాలు అతన్ని మా గడప దాకా తెచ్చాయి. స్టేషన్ బయటి మొదటి అరగంటలోనే మేం అతన్ని పోగొట్టుకున్నాం.

సిరిసిల్ల తమ్ముడికి జవాబు ఈ అరగంటలోనే ఉందని నాకనిపిస్తుంది. అది అర్థం కావడానికి జపాన్‌లోని ఓ చిన్న స్టేషన్ కథ పనికొస్తుంది. నేను అక్కడికి వెళ్లలేదు. రైలు, పడవ టైమింగులు ఒకదానికొకటి ఎలా కలుపుతారో బ్లాగు కోసం వెతుకుతుంటే తగిలిన పేరు అది.

పట్టాలు ఆగిపోయే చోట

ఆ స్టేషన్ పేరు ఉనో. ఒకయామా రాష్ట్రంలో, తమనో అనే పట్టణంలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. 1910లో ఆ లైన్ వేసినప్పుడు దాని పని ఒక్కటే: జనాన్ని రైలు దింపి పడవ ఎక్కించడం. జపాన్‌లోని పెద్ద దీవి హోన్షు నుంచి షికోకు దీవికి వెళ్లాలంటే ఉనోలో దిగి, పడవలో అవతలి ఒడ్డున ఉన్న తకమత్సు చేరాలి. దశాబ్దాల పాటు ఉనో అంటే కిటకిటలాడే రేవు.

1955 మే నెలలో ఈ దారిలోనే షియున్ మారు అనే ఓడ పొగమంచులో ఇంకో ఓడను ఢీకొని మునిగింది. 168 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విహారయాత్రకు బయల్దేరిన బడిపిల్లలు. సముద్రం మీద వంతెన కావాలన్న డిమాండ్ ఆ ప్రమాదం తర్వాత బలపడింది. 1988 ఏప్రిల్ 10న సెటో మహావంతెన తెరుచుకుంది. రైళ్లు నేరుగా వంతెన మీదుగా షికోకు వెళ్లిపోవడం మొదలైంది. వాటికి ఇక ఉనోతో పనిలేదు. రైల్వే పడవలు ఆగిపోయాయి. మెయిన్ లైన్ మీద వెలిగిన ఉనో ఒక్కరోజులో బ్రాంచ్ లైన్‌లో చివరి స్టేషన్‌గా మిగిలింది. ఆ తర్వాత కూడా తకమత్సుకు తిరిగిన ప్రైవేటు ఫెర్రీ 2019 డిసెంబర్‌లో ఆగింది.

మన దగ్గర బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీది హోటళ్లు ఎలా మూతపడతాయో చూశారుగా? అచ్చం అలాగే అన్నమాట.

పోయిన పని బదులు కొత్త పని

ఉనో ఎదురుగా సముద్రంలో నవోషిమా అనే దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 8 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 3 వేలు. మన దగ్గర ఓ పెద్ద గ్రామ పంచాయతీ అనుకోండి. 1917 నుంచి అక్కడ రాగి శుద్ధి చేసే కర్మాగారం ఉంది. పొగకు దీవి ఒకవైపు చెట్లు ఎండిపోయాయి. పక్కనున్న తేషిమా దీవి పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ ఏళ్ల తరబడి అక్రమంగా పారిశ్రామిక వ్యర్థాలు పోశారు. సుమారు 9 లక్షల టన్నుల చెత్తను, కలుషితమైన మట్టిని తర్వాత తవ్వి తీయాల్సి వచ్చింది. ఇలాంటి చోటికి టూరిస్టులు వస్తారని ఎవరైనా అనుకుంటారా?

1985లో నవోషిమా మేయరు, ఒకయామాకు చెందిన ఓ విద్యా ప్రచురణ సంస్థ అధినేత కూర్చుని దీవి భవిష్యత్తు గురించి మాట్లాడుకున్నారు. ఆ సంస్థే ఇప్పటి బెనెస్సె. 1992లో తడావో ఆండో అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన మ్యూజియం, హోటల్ కలిపి తెరిచారు. 1998 నుంచి ఊళ్లో ఖాళీగా పడున్న పాత ఇళ్లను ఒక్కొక్కటిగా కళాకారులకు అప్పగించారు. 2004లో కొండలోపల, నేల కింద కట్టిన చిచు మ్యూజియం వచ్చింది. 2010లో ఈ దీవులన్నింటినీ కలిపి సెటోచి ట్రియెన్నాలే అనే కళా ఉత్సవం మొదలుపెట్టారు. ఆ మొదటిసారే సుమారు 9 లక్షల 40 వేల సందర్శనలు నమోదయ్యాయి. అప్పటి నుంచి మూడేళ్లకోసారి జరుగుతోంది.

ఒకయామా నుంచి వచ్చేవాళ్లకు ఈ దీవుల గుమ్మం ఉనోనే. స్టేషన్‌లో దిగి అయిదు నిమిషాలు నడిస్తే రేవు. అక్కడి నుంచి ఫెర్రీలో 20 నిమిషాలు కూర్చుంటే నవోషిమా. స్టేషన్ గోడల మీద తెలుపు నేపథ్యంలో నల్లటి గీతలు అడ్డదిడ్డంగా గీసి ఉంటాయి. 2016 ఉత్సవానికి ఎస్తర్ స్టాకర్ అనే కళాకారిణి చేసిన పని అది. రేవు పక్కన సముద్రంలో దొరికిన ప్లాస్టిక్ చెత్తతో చేసిన పెద్ద చేప బొమ్మ ఉంది. దిగినవాడికి ‘సరైన చోటికే వచ్చాను’ అని ఆ రెండు నిమిషాల్లోనే అర్థమైపోతుంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఉనోకు కొత్తగా పట్టాలు వేయలేదు. కొత్త సముద్రమూ రాలేదు. 1988కి ముందూ తర్వాతా అదే స్టేషన్. మారిందల్లా స్టేషన్ అవతల ఏముంది, దాన్ని చేరే దారి ఎంత తేలిక అన్నదే.

మన లెక్క చూద్దాం

మనోహరాబాద్–కొత్తపల్లి లైన్ పొడవు 151 కిలోమీటర్లు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని దీనికి శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట వరకు రైలు మొదలైంది. అక్కడి నుంచి సిరిసిల్ల, వేములవాడ మీదుగా వెళ్లి కరీంనగర్ పక్కన కొత్తపల్లిలో మన పెద్దపల్లి–నిజామాబాద్ లైన్‌ను కలవాలి. అది కలిసిన రోజున సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ఒకే రైలు దారి మీదికి వస్తాయి.

ఈ దారిలో చూపించడానికి ఏముందంటారా? వేములవాడ రాజన్న గుడి ఉంది. కోడె మొక్కు చెల్లించడానికి మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే, ముందు రాజన్నను దర్శించుకుని వెళ్లేవాళ్లతో వేములవాడ నిండిపోతుంది. కొండగట్టు అంజన్న, గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి ఉన్నారు. జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కట్టిన 18వ శతాబ్దపు కోట ఉంది. తొలి శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల ఇదే జిల్లాలో ఉంది. మిడ్ మానేరు జలాశయం ఉంది. సిరిసిల్ల మగ్గాలు ఉన్నాయి. ఇక్కడి నేతన్న ఒకరు చేత్తో నేసి పంపిన జీ20 లోగో గురించి 2022 నవంబర్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు.

నవోషిమా వాళ్లు మొదలుపెట్టినప్పుడు వాళ్ల దగ్గర ఇందులో సగం కూడా లేదు.

అయితే రైలు వస్తే లాభమే తప్ప నష్టం లేదనుకోవద్దు. ఉనో మనకు చెప్పే కష్టమైన పాఠం ఇదే. ప్రయాణం తేలికైతే జనం ఆగడం తగ్గుతుంది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వేములవాడ వచ్చే కుటుంబాలు కొన్నయినా రాత్రి ఉంటాయి. రైలు నేరుగా వస్తే పొద్దున వచ్చి, దర్శనం చేసుకుని, సాయంత్రం వెళ్లిపోవచ్చు. లాడ్జికి, హోటల్‌కు, చీరల కొట్టుకు ఆ పూట బేరం పోయినట్టే. వాళ్లను ఇంకో పూట ఆపాలంటే, ‘దర్శనం అయ్యాక సిరిసిల్లలో మగ్గం చూడొచ్చు, బస్సు ఇన్ని గంటలకుంది, ఇక్కడ తినొచ్చు, సాయంత్రం రైలు అందుతుంది’ అని ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ప్రస్తుతానికి లేరు. ఆ ఖాళీ మీది.

ఒక సెమిస్టర్‌లో ఏం చేయొచ్చు?

మొదట ఇంజినీరింగ్ మిత్రులకు. ప్రాజెక్టు అనగానే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, స్టూడెంట్ అటెండెన్స్ సిస్టమ్ అనకండి. అవి చూసీ చూసీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు విసుగొచ్చింది. దాని బదులు మీకు దగ్గరలో ఉన్న ఒక్క స్టేషన్ తీసుకోండి. ఏ రైలు ఎన్నింటికి వస్తుంది, బస్టాండుకు ఎంత దూరం, ఆ తర్వాత గుడికి మొదటి బస్సు ఎన్నింటికి, తిరిగి రావడానికి చివరి బస్సు ఎన్నింటికి అన్నది స్వయంగా వెళ్లి రాసుకోండి. రాసుకున్నదాన్ని జీటీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో పెట్టండి. పేరు చూసి భయపడొద్దు. స్టాపులు, రూట్లు, సమయాలు రాసే కొన్ని టెక్స్ట్ ఫైళ్లే అవి. ఎక్సెల్ వచ్చినవాళ్లెవరైనా చేయొచ్చు. ప్రపంచంలో చాలా నగరాల బస్సు, రైలు సమయాలు మ్యాప్ యాప్‌లకు చేరేది ఈ ఫార్మాట్‌లోనే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ తెరిచి మీ స్టేషన్ గేటు, ఆటో స్టాండు, బస్సు ఆగే చోటు గుర్తించండి. రేపు ఏ లాజిస్టిక్స్ కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చున్నా ‘నేను నిజమైన డేటాతో పనిచేశాను, ఇదిగో’ అని చూపించడానికి మీ దగ్గర ఒకటుంటుంది.

డిగ్రీ మిత్రులకు భాషే పెట్టుబడి. జగిత్యాల కోట గురించి, కోటిలింగాల గురించి తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో పది నిమిషాలు తడబడకుండా చెప్పగలరా? భీవండిలో పెరిగి మరాఠీ వచ్చినవాళ్లు సిరిసిల్లలో ఇంటింటికీ దొరుకుతారు. వేములవాడలో ఆ మరాఠీకి విలువుంది. కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్’ అనే ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు తెచ్చింది. దాని అర్హతలు చూడండి. ఈ రంగాన్నే కెరీర్‌గా తీసుకోవాలనుకుంటే హైదరాబాద్ గచ్చిబౌలిలోని నిథమ్, హోటల్ మేనేజ్‌మెంట్ కోసం ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ పరీక్ష ఉన్నాయి.

నేతన్నల ఇళ్ల పిల్లలకు ఇంకో మాట. మన మగ్గం చప్పుడు మనకు మామూలే. బయటివాళ్లకు అదొక వింత. నవోషిమాలో ఖాళీ ఇళ్లను చూపించి జనాన్ని రప్పించారు. మీ షెడ్డులో అరగంట నిలబడి బట్ట ఎలా తయారవుతుందో చూసి, ఒక తువ్వాలో, చీరో కొనుక్కుని వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు. నాన్నను అడిగి నెలకు ఒక ఆదివారం ప్రయత్నించండి. వచ్చినవాళ్లు ఏం అడిగారో రాసుకోండి.

ఒంటరిగా ఎలా అంటారా? సెటోచి ఉత్సవాన్ని నడిపించేదాంట్లో ‘కోయెబి’ అనే వాలంటీర్ల దళం ఉంది. ఆ మాటకు చిన్న రొయ్య అని అర్థం. ఎవరైనా చేరొచ్చు. టికెట్లు చూడటం, దారి చెప్పడం, కళాకృతులు నిలబెట్టడంలో సాయం చేయడం వాళ్ల పని. మన కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లున్నాయి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. 2015 పుష్కరాలప్పుడు ధర్మపురికి ఎంత జనం వచ్చారో మీ ఇంట్లో అడగండి. లింగంపేటలో దిగి, 30 కిలోమీటర్ల అవతల ఉన్న ధర్మపురికి దారి వెతుక్కునేవాళ్లకు మీ షీటు, మీ మ్యాపు, మీ గొంతు పనికొస్తాయి.

“జీతమెంత అన్నా?”

అడగాల్సిన ప్రశ్నే. దాచకుండా చెబుతాను. టూరిజంలో మొదటి జీతాలు తక్కువ. సీజన్‌లో ఊపిరాడదు, మిగతా రోజుల్లో పనుండదు. ఉనో ఉన్న తమనో పట్టణం కూడా టూరిజం ఒక్కదాని మీదే బతకలేదు. అక్కడ ఓడల తయారీ పెద్ద పరిశ్రమ. దీవుల్లో మ్యూజియంలు వచ్చినా వయసు మళ్లినవాళ్ల సంఖ్య పెరుగుతూనే ఉంది. 1985లో మొదలైన మాట పెద్ద ఉత్సవంగా మారడానికి పాతికేళ్లు పట్టింది. అందుకే గ్రూప్స్ కోచింగ్ మానేయండి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ వదిలేయండి అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా.

‘అయితే జపాన్‌కే పోతే?’ అనేవాళ్లుంటారు. పోవచ్చు. జపాన్ 2019లో తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాలో హోటల్ పనులు కూడా ఉన్నాయి. దానికి జపనీస్ భాష పరీక్ష, ఆ పనికి సంబంధించిన పరీక్ష పాసవ్వాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాన్ ఉద్యోగాలకు శిక్షణ ఇస్తోంది. ఏజెంటుకు లక్షలు పోసే ముందు అక్కడ అడగండి. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నున్నాయో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

నేను చెప్పేది ఇంతే. కోచింగ్ చేస్తూనే, అప్లికేషన్లు పెడుతూనే, ఈ ఒక్క పని పక్కన పెట్టుకోండి. ఉద్యోగం బయట వస్తే ఇది మీ రెజ్యూమెలో నిలబడుతుంది. ఊళ్లోనే ఉండాల్సి వస్తే బతుకుదెరువుకు మొదటి మెట్టవుతుంది. రైలు పూర్తయ్యాక నేర్చుకుందాం అంటే ఆలస్యమైపోతుంది. అప్పటికి బయటి నుంచి ఎవరో వచ్చి స్టేషన్ ఎదురుగా బోర్డు పెడతారు. వాళ్ల దగ్గర మనం నెల జీతానికి చేరతాం. కోరుట్లకు రైలు వస్తుందని పాతికేళ్లు ఎదురుచూశాం తప్ప, వచ్చాక ఏం చేయాలో మాట్లాడుకోలేదు. సిరిసిల్ల ఆ తప్పు చేయకూడదు.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పి, “ముందు సిద్దిపేట పోయి చూసి రా” అన్నాను. పోయి వచ్చాడు. రైలు దిగాక సిరిసిల్ల బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డాడో, ఎవరిని అడిగాడో, ఎంత ఖర్చయిందో ఒక షీట్‌లో రాసి పంపాడు. అందులో తప్పులున్నాయి. రెండు చోట్ల టైమింగ్ పొంతన కుదరలేదు. ‘చివరి బస్సు’ అన్న గడి ఖాళీగా ఉంది. “అది తెలుసుకోవాలంటే రాత్రిదాకా ఉండాలన్నా, వచ్చే శనివారం మళ్లీ పోతా” అన్నాడు.

మీకు దగ్గరలో ఏ స్టేషన్ ఉంది? ఈ శనివారం మీరూ వెళ్లండి. బయటి ఊరి నుంచి మొదటిసారి వచ్చినవాడిలా రైలు దిగి, గేటు దాటి, ఒక అరగంట నిలబడండి. మీకేం కావాల్సి వచ్చిందో, ఏం దొరకలేదో రాసుకోండి. మీరు చేయాల్సిన పనుల జాబితా అదే.